ఐదు చుక్కల గెంతు

మనకు బ్యాలే కొత్త మాటేం కాదు. కాకపోతే దాని అర్థాన్ని మనకు తగ్గట్టు మార్చుకున్నాం. ఆహ్వాన పత్రిక మీద ‘శ్రీనివాస కల్యాణం, కూచిపూడి బ్యాలే’ అని అచ్చేస్తే ఎవరూ తప్పు పట్టరు. కథ ఒకటుండి, పదిమంది కలిసి ఆడితే అది బ్యాలే. వెంపటి చినసత్యం మాస్టారి నృత్య నాటకాలు చూసిన తరం ఇప్పటికీ వాటిని బ్యాలేలనే అంటుంది. మునివేళ్ల మీద నిలబడటం, శాటిన్ జోళ్లు, విసనకర్రలా విచ్చుకునే తెల్ల గౌన్లు ఉండే అసలు బ్యాలే మాత్రం మనకు సినిమాలో ఓ పాట మధ్యన కనిపించి మాయమయ్యేదే.

డ్రెస్డెన్ కూడా అలాంటిదే. పేరు తెలుసు, ఊరు తెలీదు. ఇప్పుడు మన ఇళ్లలో అది చిప్‌ల ఊరు. ఇన్‌ఫినియన్, గ్లోబల్‌ఫౌండ్రీస్, బాష్ ఫ్యాక్టరీలు ఉన్న ఊరు. అక్కడ ఎంఎస్ చదివే పిల్లలు వాట్సాప్‌లో పంపే ఫొటోల్లో ఎల్బే నది, ఫ్రావెన్‌కిర్షే చర్చి గోపురం, జెంపర్ ఒపేరా ముందు గుర్రమెక్కిన రాజు విగ్రహం తప్పకుండా ఉంటాయి. ఆ ఫొటోల్లో పడనిది ఒకటుంది. గ్రోసర్ గార్టెన్ అనే పెద్ద తోటకు దగ్గర్లో బాస్టైప్లాట్స్ అనే చోట పలుక్కా హోహ్‌షూలె ఉంది. జర్మనీలో నాట్యం ఒక్కదాని కోసమే నడిచే స్వతంత్ర విశ్వవిద్యాలయం ఇదొక్కటే. మిగతా చోట్ల నాట్యం సంగీత కళాశాలలో ఓ గది అద్దెకు తీసుకున్నట్టుంటుంది. ఇక్కడ ఇల్లే దానిది.

విశ్వవిద్యాలయం అన్నానని పెద్దవాళ్లే ఉంటారనుకోవద్దు. పదేళ్లకో పదకొండేళ్లకో, అంటే ఐదో తరగతిలోనే పిల్లలు చేరతారు. మొదటి రెండేళ్లు పరీక్షాకాలం. ఈ ఒంటికి ఇది పడుతుందా, అసలు ఈ పిల్లకు ఇది కావాలా అని బడి చూస్తుంది. బడి తనకు కావాలా అని పిల్ల కూడా చూసుకుంటుంది. నిలిచినవాళ్లు పదో తరగతి దాకా లెక్కలు, జర్మన్, బ్యాలే అడుగులైన ప్లీయే, తాందూ అన్నీ ఒకే ఆవరణలో చదువుతారు. ఆ తర్వాత మూడేళ్ల డిగ్రీ. పదహారేళ్లకే డిగ్రీలో చేరడం మనకు వింతగా ఉంటుంది గానీ, నర్తకుల ఆయుష్షు లెక్క వేరు. ముప్పై అయిదు దాటితే మోకాళ్లు గడియారం చూడటం మొదలెడతాయి. దూరం నుంచి వచ్చిన పిల్లలకు హాస్టల్ ఉంది. చేర్చుకునే ముందు తుంటి ఎంత తిరుగుతుంది, పాదం ఎంత వంగుతుంది, వెన్ను ఎలా ఉంది అని చూస్తారు. కొంచెం సంతలో కోడెదూడను చూసినట్టే ఉంటుంది. కానీ లొంగని ఒంటిని ఏళ్ల తరబడి లొంగదీస్తే ఆ పిల్ల జీవితాంతం నొప్పి మోస్తుంది. ముందే చెప్పడం నయం.

పొద్దున్న తరగతి బార్ దగ్గర మొదలవుతుంది. నడుమెత్తున ఉండే కర్ర కడ్డీ అది. దాని మీద ఓ చెయ్యి ఆనించి, మడమలు కలిపి, వేళ్లు చెరోపక్కకు తిప్పి మోకాళ్లు వంచితే ప్లీయే. కూచిపూడి నేర్చుకున్న పిల్ల ఎవరైనా చూస్తే “అరమండే కదా” అంటుంది. నిజమే, అక్కాచెల్లెళ్లే. తేడా ఆ తర్వాత వస్తుంది. మనం అరమండిలో కూర్చుని అక్కడే కాపురం పెడతాం. అడుగు నేలను కొట్టాలి, నేల పలకాలి. వాళ్లకు ప్లీయే పైకి లేవడానికి తొక్కే మెట్టు మాత్రమే. ఆ పాదం నేలను నెట్టి, వదిలేసి, మళ్లీ చప్పుడు లేకుండా వచ్చి వాలాలి. మూలన పియానో దగ్గర ఓ మనిషి ఉంటారు. వాళ్లు వాయించేది పాట కాదు, ఊపిరి. మన నట్టువాంగం తాళంకట్టెకు వాళ్ల దగ్గర సాటి వచ్చేది అదే.

పాయింట్ షూ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. దూరం నుంచి పెళ్లికూతురి చెప్పులా మెరుస్తుంది. కొసన చెక్క ఉంటుందని చాలామంది అనుకుంటారు. చెక్క లేదు. గుడ్డ, కాగితం పొరలు పొరలుగా జిగురుతో అంటించి, ఆరబెట్టి చేసిన గట్టి గూడు. ఒంటి బరువంతా చిన్న కొస మీద నిలిచేది ఆ గూట్లోనే. కొత్త జోడు ఎవరూ అలాగే తొడుక్కోరు. ముందు అడుగు అట్టను చేతుల్తో వంచి మెత్తబరుస్తారు. నడిస్తే టకటకలాడకుండా కొసను మెట్టుకేసి బాదుతారు. రిబ్బన్లు, ఎలాస్టిక్ ఎవరివి వాళ్లే కుట్టుకోవాలి. రెండు పాదాలూ ఒక్కలా ఉండవు కాబట్టి కుట్టే చోటు కూడా ఒక్కలా ఉండదు. కొసన శాటిన్ మీద దారంతో దట్టంగా పొడుస్తారు, జారకుండా. ఆడే ముందు గుగ్గిలంలాంటి రోజిన్ పొడిలో అద్దుతారు. మనం గజ్జెలను కళ్లకద్దుకునే జాతి కాబట్టి, జోడును గచ్చుకేసి బాదడం చూస్తే ప్రాణం చివుక్కుమంటుంది. ఇంత చేసినా చెమటకు జిగురు కరిగి గూడు మెత్తబడిపోతుంది. పెద్ద వేషం కట్టే నర్తకి ఒక్క రాత్రికే ఓ జత అరగదీస్తుంది. జత ఖరీదు మన లెక్కలో వేలల్లోనే. బ్యాలే ఎందుకు ఖరీదైన కళో తెలియాలంటే ఒపేరా హాలు దీపాలు లెక్కపెట్టక్కర్లేదు, ఈ జోళ్ల బుట్ట చూస్తే చాలు.

అసలు సంగతేమిటంటే, ఈ బడి పెట్టినావిడ ఈ బ్యాలే దారి వదిలేసి వెళ్లిపోయిన మనిషి.

పేరు గ్రేట్ పలుక్కా. ఇంగ్లిష్ ‘గ్రేట్’ కాదు, మార్గరెటెకు పొట్టిపేరు. ఇంటిపేరు మన చెవికి పలుకూ అక్కా కలిసినట్టు వినిపిస్తుంది. 1902లో మ్యూనిక్‌లో పుట్టింది. చిన్నతనం కొంత కాలిఫోర్నియాలో గడిచాక 1909లో తల్లితో డ్రెస్డెన్ వచ్చింది. హైన్రిష్ క్రోలర్ దగ్గర పద్ధతిగా బ్యాలే నేర్చుకుంది. తర్వాత నర్తకి మేరీ విగ్‌మన్ ఆడటం చూసింది. ఆ చూడటంతో పాత పాఠం అక్కడే ఆగిపోయింది. విగ్‌మన్ 1920లో డ్రెస్డెన్ బౌట్స్‌నర్ వీధిలో బడి పెట్టింది. వట్టి కాళ్లు, డప్పు, గంట, ఒక్కోసారి సంగీతమే ఉండదు. ఒంట్లో ఏం రగులుతోందో అదే నాట్యం. పలుక్కా ఆమె తొలి శిష్యుల్లో ఒకతి. అయితే గురువు చావు, మాస్కు, చీకటి వైపు మొగ్గితే, శిష్యురాలు గెంతు వైపు మొగ్గింది. 1925లో తన సొంత బడి తెరిచింది.

ఆ గెంతు ఊరంతా చెప్పుకున్న గెంతు. షార్లొటె రుడాల్ఫ్ అనే ఫొటోగ్రాఫర్ దాన్ని గాల్లోనే పట్టుకుంది. ఆ ఫొటోలు ముందేసుకుని చిత్రకారుడు కాండిన్‌స్కీ 1926లో గీతలు గీశాడు. కళ్లూ ముక్కూ లేవు, బట్టలు లేవు, మనిషే లేదు. నాలుగు వంపులు, ఓ ఏటవాలు గీత, అంతే. అదే ఏడాది వచ్చిన తన పుస్తకంలో ఆ గెంతు ఫొటో, పక్కన దాని గీత వేసి వివరించాడు. పాత బ్యాలేలో గెంతితే ఒళ్లు నిలువు గీతై పైకి పోతుంది. కొత్త నాట్యంలో గెంతితే ఐదు కొసలు విచ్చుకుంటాయి: తల, రెండు చేతులు, రెండు కాళ్లు. పది వేళ్లూ పది చిన్న చుక్కలు. ఈ పేజీ ఏ గోదావరి జిల్లా ఇల్లాలికైనా చూపిస్తే “చుక్కల ముగ్గే కదా, దీనికింత పుస్తకమా” అంటుంది. మన దగ్గర ఇంకో అడుగు ముందుకెళ్లినవాళ్లున్నారు. సింహనందినిలో నేల మీద ముగ్గు పిండి పరిచి, పైన గుడ్డ కప్పి, తాళానికి ఆడుతూ ఆడుతూ పాదాలతోనే సింహం బొమ్మ వేస్తారు. సి.ఆర్. ఆచార్యులు గారు మళ్లీ వెలుగులోకి తెచ్చిన విద్య అది. కాండిన్‌స్కీ నాట్యం చూసి గీత గీశాడు. అక్కడ ఆడేవాళ్ల కాళ్లే కుంచె.

ఆ చిత్రకారులంతా పలుక్కా చుట్టూ ఎలా చేరారన్నది పోషకుల కథ. 1924లో ఆవిడ ఫ్రిట్జ్ బీనెర్ట్‌ను పెళ్లాడింది. బీనెర్ట్‌లది పిండిమిల్లుల కుటుంబం, ఊళ్లో కలిగినవాళ్లు. అత్తగారు ఇడా బీనెర్ట్ అయితే క్లే, కాండిన్‌స్కీ, మోండ్రియాన్‌ల బొమ్మలు గోడల నిండా పెట్టుకున్న మనిషి. బౌహౌస్ కళాశాల చిత్రకారులకు ఆ ఇల్లు సత్రం లాంటిది. కోడలు పిల్లకు తొలి రసికులు ఆ హాల్లోనే దొరికారు. చిత్రకారుడు కిర్ష్నర్ ఆమెను కొయ్య మీద చెక్కాడు. పెళ్లి ఎక్కువకాలం నిలవలేదు. అత్తగారి ఇంట్లో కుదిరిన స్నేహాలు నిలిచాయి.

పోషకుడంటే మన కూచిపూడి గుర్తొస్తుంది. 17వ శతాబ్దం చివర్లో గోల్కొండ నవాబు తానీషా భాగవతుల ఆట చూసి మెచ్చి ఊరినే అగ్రహారంగా రాసిచ్చాడని చెబుతారు. ఊరు దక్కింది. దాంతో పాటు ఆట ఆ ఇళ్ల హక్కూ అయింది, తీర్చుకోవలసిన బాకీ కూడా అయింది. ఇచ్చే చెయ్యి ఏదో ఒకటి అడక్కుండా ఇవ్వదు. పలుక్కాకు ఆ సంగతి ఒకటికి రెండుసార్లు తెలిసొచ్చింది.

మొదటిసారి నాజీల కాలంలో. తల్లి వైపు యూదు రక్తం ఉంది. అయినా 1936 ఆగస్టులో బెర్లిన్ ఒలింపిక్స్ ప్రారంభ రాత్రి స్టేడియంలో, వేల కళ్ల మధ్య ఆమె ఒంటరిగా వాల్ట్‌జ్ ఆడింది. విగ్‌మన్, నర్తకుడు క్రాయిట్స్‌బెర్గ్ కూడా ఆ రాత్రి ఆడారు. చరిత్రకారులు ఇప్పటికీ ఈ ముగ్గురినీ నిలదీస్తూనే ఉంటారు, నిలదీయాలి కూడా. ఆట అవసరం తీరింది. 1939లో పలుక్కా బడి మూయించారు.

1945 ఫిబ్రవరి 13 రాత్రి బ్రిటిష్ విమానాలు వచ్చాయి. మర్నాడు అమెరికన్ విమానాలు. ఊరి నడిబొడ్డు బూడిదైంది. పాతిక వేల మంది దాకా చనిపోయి ఉంటారని చరిత్రకారుల సంఘం తర్వాతెప్పుడో లెక్క తేల్చింది. ఒపేరా కాలింది, ఫ్రావెన్‌కిర్షే కూలింది, పలుక్కా ఇల్లూ పోయింది. ఐదు నెలలు తిరక్కుండానే, ఆ జులైలో ఆమె మళ్లీ బడి తెరిచింది. తిండే రేషన్ మీద దొరికే రోజులు. ఆ రోజుల్లో కూతుర్ని నాట్యం బడికి పంపిన తల్లిదండ్రులెవరో, వాళ్ల ధైర్యం ఏమిటో అని నాకెప్పుడూ ఆశ్చర్యమే.

రెండోసారి తూర్పు జర్మనీ. 1949లో బడిని ప్రభుత్వం తీసుకుంది, ఆవిడ పేరు మాత్రం బోర్డు మీద ఉంచింది. డబ్బు కొరత తీరింది. గదులు, హాస్టల్, జీతాలు వచ్చాయి, చదువు పూర్తయితే ఊరూరా ఉన్న ప్రభుత్వ థియేటర్లలో కొలువులు ఉన్నాయి. వాటితో పాటు సిలబస్సూ వచ్చింది. నమూనా సోవియట్ బ్యాలే. ఒంట్లో తోచింది ఆడటం ‘ఫార్మలిజం’ అనే నేరం కింద లెక్క. తాను వదిలేసి వచ్చిన బార్, పాతికేళ్లు దాటాక ప్రభుత్వ ఉత్తర్వై తన గదిలోకి తిరిగొచ్చింది. పలుక్కా పోట్లాడింది, బేరమాడింది, అలిగింది. ఒక్క తరగతి మాత్రం చేజారనివ్వలేదు. ఇంప్రోవైజేషన్. అంటే అప్పటికప్పుడు అల్లుకునే ఆట. మన మాటల్లో చెప్పాలంటే మనోధర్మం.

ఇందులో నాకు నచ్చేది ఒకటుంది. ఆ బలవంతపు పెళ్లి చెడలేదు. శాస్త్రీయ బ్యాలే, ఆధునిక నాట్యం, ఇంప్రోవైజేషన్ ఈ రోజుకీ ఈ బడికి మూడు కాళ్లు. కేవలం పలుక్కా ఇష్టమే సాగి ఉంటే ఇది ఓ గురువు జ్ఞాపకశాలగా మిగిలేదేమో. కేవలం ప్రభుత్వం ఇష్టమే సాగి ఉంటే మాస్కోకు నకలుగా ఉండేది. దెబ్బలాట వల్ల రెంటికీ కాని మూడోది పుట్టింది. దర్శకురాలు రూత్ బెర్గ్‌హౌస్ ఇక్కడే చదివింది. తర్వాత బెర్లినర్ ఆన్సాంబుల్ నాటక బృందానికి పెద్దగా ఉండి, ఒపేరాలను తలకిందులు చేసి చూపించింది. 1973లో చిలీలో సైన్యం గద్దెనెక్కాక దేశం వదిలిన నర్తకుడు పాత్రీసియో బున్‌స్టర్‌కు పాఠం చెప్పుకునే గది దొరికింది కూడా ఇక్కడే.

ఇదంతా డ్రెస్డెన్‌లోనే ఎందుకు జరిగింది అంటే, ఊరి అంచున హెల్లెరావ్ ఉంది. 1909లో ఓ కలప ఫర్నిచర్ కంపెనీ యజమాని పనివాళ్ల కోసం కట్టించిన తోటనగరం అది. స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన దాల్‌క్రోజ్ అక్కడ సంగీతాన్ని ఒంటితో నేర్పేవాడు. విగ్‌మన్ ఆయన దగ్గరే చదివింది. 1912లో నర్తకుడు నిజిన్‌స్కీ వచ్చి చూశాడు. రచయిత కాఫ్కా కూడా ఓసారి వచ్చాడు. తర్వాత ఆ నాట్యశాల పోలీసుల, సోవియట్ సైనికుల బారకాసు అయింది. ఇప్పుడు మళ్లీ నాట్యశాల.

ఇక ఈ పిల్లలు వేదికెక్కేది ఎక్కడంటే జెంపర్ ఒపేరాలో, అదీ డిసెంబరులో. బాంబుల్లో కాలిన ఆ భవనాన్ని సరిగ్గా నలభై ఏళ్లకు, 1985 ఫిబ్రవరి 13నే మళ్లీ తెరిచారు. అక్కడి బ్యాలే బృందంతో పలుక్కా బడికి పొత్తుంది. చివరి దశ విద్యార్థుల్లో కొందరు ఆ బృందంలోనే పనిచేస్తూ నేర్చుకుంటారు. చిన్నవాళ్లకు ‘నట్‌క్రాకర్’. 2011లో అప్పటి బృందం పెద్ద ఆరన్ వాట్‌కిన్, అప్పటి బడి పెద్ద జేసన్ బీచీ కలిసి కూర్చిన రూపంలో కథ డ్రెస్డెన్‌లోనే జరుగుతుంది. 1434 నుంచి సాగుతున్న స్ట్రీట్‌సెల్‌మార్క్‌ట్ క్రిస్మస్ సంత వేదిక మీదికి వచ్చేస్తుంది. హాల్లో కూర్చున్నవాళ్లు గంట క్రితం ఆ సంతలోనే స్టోలెన్ రొట్టె తిని వచ్చినవాళ్లు. అక్రోటుకాయలు కొరికే కొయ్య సిపాయి బొమ్మలు చేసే పల్లెలు కూడా దగ్గర కొండల్లోనే ఉన్నాయి. ఆ కథ రాసిన హోఫ్‌మన్ సైతం 1813లో నెపోలియన్ ఫిరంగుల మధ్య ఇదే ఊళ్లో నాటక బృందానికి సంగీతం నడిపినవాడు. ఇంత సొంతమైన కథలో పలుక్కా పిల్లలు గుంపులో వేషాలు కడతారు. పోస్టరు మీద పేర్లుండవు.

ఇక్కడ మన అరంగేట్రం గుర్తొచ్చి కాస్త నవ్వొచ్చింది. మన దగ్గర పిల్ల మొదటిసారి వేదికెక్కితే హాలు అద్దె, ఆర్కెస్ట్రా, పట్టుబట్టలు, ముఖ్య అతిథి, శాలువాలు, ఆల్బమ్, భోజనాలు. వేదిక మీద రెండు గంటలు ఒక్కతే. అక్కడ ఏళ్ల తరబడి నేర్చుకున్నాక కూడా ఎలకల గుంపులో ఓ ఎలక కావచ్చు. తెలుగునాట నాట్యానికి అన్నిటికంటే పెద్ద దాత ఎవరంటే పిల్ల తండ్రి. హైదరాబాద్‌లోనైనా డల్లాస్‌లోనైనా అంతే. అందుకే తండ్రి డబ్బుతో పాటు మోజు కూడా తీరగానే గజ్జెలు అల్మరాలోకి వెళ్లిపోతాయి.

డ్రెస్డెన్‌లో బరువు మోసేది సాక్సనీ రాష్ట్ర ప్రభుత్వం. దాతలు మిగతా ఖాళీలు పూడుస్తారు. కళాసంస్థల వెనక ‘మిత్రమండలి’ పేరుతో పోషకుల సంఘాలు ఉండటం జర్మనీలో మామూలు. విశ్రాంత డాక్టర్లు, వకీళ్లు, దుకాణదారులు ఏడాదికింత కడతారు. 2011 నుంచి ‘జర్మనీ స్కాలర్‌షిప్’ అని ఇంకో ఏర్పాటు కూడా ఉంది. ఎంపికైన విద్యార్థికి నెలకు 300 యూరోలు. అందులో సగం దాత ఇస్తే మిగతా సగం కేంద్రం కలుపుతుంది. దాత ఇచ్చే 150 యూరోలంటే రెండు జతల జోళ్లయినా రాకపోవచ్చు గానీ, ఆ రెండో జత గురించి రాత్రి లెక్కలు వేసుకునే తల్లికి దాని విలువ తెలుసు.

ఇవ్వడమన్నది ఈ ఊరికి అలవాటైన పనే. కూలిన ఫ్రావెన్‌కిర్షేను తిరిగి కట్టడానికి దాదాపు 180 మిలియన్ యూరోలైతే, అందులో 100 మిలియన్ల పైన చందాలే. 1999లో వైద్య నోబెల్ అందుకున్న గుంటర్ బ్లోబెల్ ఆ బహుమతి సొమ్ము ఈ ఊరికే ఇచ్చేశాడు. చిన్నప్పుడు శరణార్థుల బండిలో డ్రెస్డెన్ మీదుగా వెళ్తూ, బాంబులు పడక ముందు, ఆ గోపురం చూశాడు. 2005లో గుడి తెరిచారు. రాళ్లకు చందా వసూలు చేయడం తేలికే, రాయి కంటికి కనిపిస్తుంది. పదకొండేళ్ల పిల్ల చీలమండకు చందా అడగడం కష్టం.

పలుక్కా 1993 మార్చిలో, 91 ఏళ్ల వయసులో, ఈ ఊళ్లోనే పోయింది. సమాధి మాత్రం ఇక్కడ లేదు. ఏటా వేసవికి వెళ్లే హిడెన్‌సే అనే చిన్న బాల్టిక్ దీవిలో ఉంది. అక్కడ రోజంతా గాలే.

ఆవిడ పోరాడి దక్కించుకున్న తరగతిలో పాఠం ఉండదు, ఓ పని ఉంటుంది. గది ఈ మూల నుంచి ఆ మూలకు వెళ్లు, కానీ మొదలుపెట్టింది మోచెయ్యి అయి ఉండాలి. బరువైనది మోస్తున్నట్టు గెంతు. ఎదుటిది చేసినదానికి జవాబు చెప్పు, అది చేసింది చెయ్యకుండా. ఇలాంటివి. చూపించి చేయించరు. పొద్దున్నంతా బార్ దగ్గర “భుజం దించు, మోకాలు లాగు” అని దిద్దించుకున్న పిల్లలకు ఈ గదిలో ఎవరూ ఏమీ అనకపోవడమే ముందు భయం వేస్తుంది. ఒకతి నడిమధ్యలో నిలబడిపోతుంది. ఒంటికాలి మీద బరువు, పెదవి కొరుక్కుంటూ. పియానో దగ్గరి మనిషి వేళ్లు మెట్ల మీద ఆనించి, వాయించకుండా, ఆ పిల్ల వైపే చూస్తూ ఉంటారు.